కోటు జేబులో గంట

“ఒప్పేసుకున్నాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గోర్డన్ మచ్, పెట్రోలు బంకులో కొన్న బటరీ రొట్టెని విరక్తిగా నములుతూ. పోర్ట్‌గారీలో ఉన్న ఒక్క బేకరీ మూతపడి మూడు రోజులైంది. మూయించింది ఆయనే. “నోరారా ఒప్పుకున్నాడు. ‘నేనే చంపాను’ అన్నాడు. పొద్దున ఆరూ పదికి అరెస్టు, ఆరూ నలభైకి ఒప్పుకోలు. ఇంకేం కావాలి నీకు?”

ఎఫీ గెడెస్ తడిసిన కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెదీ ఇన్‌స్పెక్టర్ హోదాయే. కాకపోతే ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నది, ఆ సంగతి ఆయన ఎప్పుడూ మర్చిపోనివ్వడు. గోడ గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది.

“రెండోది కావాలి,” అంది. “ఉత్త ఒప్పుకోలు పట్టుకెళితే సర్కారు తరఫున కేసు నడిపే ఫిస్కల్ గారు దాన్ని మన మొహానే కొడతారు. స్కాట్లండ్‌లో దొంగ తాను దొంగనని వీధి వీధినా చాటింపు వేసుకున్నా, పక్కన ఇంకో సాక్ష్యం లేకపోతే కేసు నిలబడదు. ఈ పాఠం నాకు చెప్పింది మీరే.”

“రెండోది శవమే చెబుతోందిగా.”

శవం ఊనా పిరీది. ఇరవై ఆరేళ్లు, చిన్నపిల్లల బడిలో టీచరు. పదమూడో ఏటి నుంచీ మూర్ఛ. ఆదివారం తెల్లవారుజామున, బేకరీ మీది మేడగదిలో, మంచం మీద బోర్లా పడి, మొహం దిండులో కూరుకుపోయి చనిపోయి ఉంది. చూసింది భర్త రోరీ. ఐదూ యాభై ఎనిమిదికి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. అనుమానపు చావు కాబట్టి శవపరీక్ష ఇద్దరు డాక్టర్లు కలిసి చేశారు. మొదటాయన ఊపిరితిత్తులు బరువెక్కి ఉన్నాయనీ, కనురెప్పల లోపల ఎర్రటి చుక్కలున్నాయనీ, ఊపిరి నొక్కేసి ఉండవచ్చనీ రాసి సంతకం పెట్టేశాడు. రెండో డాక్టరు విన్‌ఫ్రెడ్ లీస్క్ మాత్రం కలం మూత కూడా తియ్యలేదు.

“ఆ ముసలావిడకి మెదడు మందునీళ్లలో పద్నాలుగు రోజులు ఊరాలిట,” అన్నాడు మచ్. “ఊరగాయ పెడుతోందా అని అడిగాను. అవుననుకోండి అంది. నాకున్నది పన్నెండు గంటలు, అందులో ఆరూ నలభై నిమిషాలు హుళక్కి. సాయంత్రం ఆరూ పదికి వాడి మీద హత్యానేరమన్నా మోపాలి, వదిలెయ్యనన్నా వదిలెయ్యాలి. నేను వదలను.”

“ఫిట్స్ వచ్చి పోయిందేమో.”

“ఫిట్స్‌తో ఎవరూ చావరు,” అన్నాడు మచ్. గొంతు పెంచలేదు గానీ, చేతిలో రొట్టె నలిగి పొడైంది. “వస్తాయి, పోతాయి. కాసేపు మగతగా పడుకుని లేచి కూర్చుంటారు. అంతే. ఇంకోసారి నా దగ్గర ఆ మాట అనకు.”

ఎఫీ అనలేదు. అనడానికి ఆమె దగ్గర చాలా ఉంది.

ఇరవై రెండేళ్ల క్రితం ఆమె అన్న లాకీ కూడా బోర్లానే పడి ఉన్నాడు. వాడికి పదిహేడు, ఈమెకి పన్నెండు. ముందురోజు సాయంత్రం అమ్మ వాణ్ణి ఏదో విషయానికి తిట్టింది. ఆ తిట్లు గోడ అవతలి వాళ్లు విన్నారు. ఇంకేముంది, వారం తిరక్కుండా ఊరు ఊరంతా ఆవిడకేసి అదోలా చూడటం మొదలుపెట్టింది. మందు ఇవ్వలేదుట అని ఒకరు, ఇంకా ఘోరంగా ఇంకొకరు. అప్పుడు అబర్దీన్ నుంచి బస్సు దిగి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఫోన్ చెయ్యలేదు, ఉత్తరం పడెయ్యలేదు, మనిషే వచ్చింది. వంటింట్లో కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుని, “మీరు చేసిన తప్పేమీ లేదు. చెయ్యవలసింది ఏదీ మీరు మానలేదు. ఈ జబ్బు ఒక్కోసారి నిద్రలోనే తీసుకుపోతుంది. ఎందుకో నాకింకా తెలీదు, తెలుసుకుంటాను,” అంది. ఆ ఒక్క మాటతో అమ్మ బతికింది. మాటవరసకి కాదు, నిజంగానే బతికింది. ఇవాళ్టికీ తోటపని చేసుకుంటూ, ఎఫీ వండిన సూప్‌కి వంకలు పెడుతూ ఉంది. ఎఫీ పోలీసు ఉద్యోగంలో చేరింది దొంగల్ని పట్టుకుందామని కాదు. ఎవరి తప్పూ లేనప్పుడు ఆ మాట పైకి చెప్పే మనిషి ఒకరు ఉండాలని. ఆ డాక్టరమ్మే విన్‌ఫ్రెడ్ లీస్క్.

“నేనొకసారి రోరీతో మాట్లాడాలి,” అంది ఎఫీ. “మీరూ రండి. ఒంటిగా వింటే చెల్లదు కదా.”

*

రోరీ పిరీకి ఇరవై తొమ్మిదేళ్లు. మూడు రోజులైనా గోళ్ల సందుల్లో పిండి పోలేదు. ఎదురుగా టీ చల్లారిపోయి ఉంది.

“రోరీ, నేనే చంపాను అన్నావుట. ఎలా చంపావు?”

అతను తలెత్తి చూశాడు. “ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి.”

మచ్ చిన్నగా దగ్గాడు.

“నేనడుగుతున్నాను. దిండు పెట్టి నొక్కావా?”

“దిండా?” అతనికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. “ఛ. ఛ. అవేం మాటలండీ.”

“మరి?”

“కోటు,” అన్నాడు. 

ఎఫీ తొందరపెట్టలేదు. మచ్ ఏదో అనబోతే బల్ల కింద ఆయన బూటు మీద కాలు వేసింది.

“మా పరుపు కింద ఒక పలక ఉంటుందండి,” అన్నాడు రోరీ. “ఊనాకి ఫిట్స్ వచ్చి మంచం అదిరితే కింద బేకరీలో గంట మోగుతుంది, నొక్కి ఆపేదాకా ఆగదు. గంటంటే ఇంత చిన్న పెట్టె, గుప్పిట్లో పడుతుంది. పొయ్యి పక్కన అరలో పెట్టుకుంటాను. నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు మోగింది. తొమ్మిదిసార్లూ ఇరవై క్షణాల్లో పైకెళ్లాను. పక్కకి తిప్పి పడుకోబెట్టి, పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంటే చాలు, తేరుకునేది.”

“ఆదివారం?”

“పెట్టెలోకి పిండి పోతోందండి. అప్పటికి రెండుసార్లు బాగు చేయించాను. ఆ రాత్రి పిండిబస్తా చిరిగి అంతా పొగలా లేచింది. పాడైపోతుందేమోనని తీసి కోటు జేబులో వేశాను. కోటు తలుపు వెనక కొక్కేనికి ఉంది. నేల ఊడ్చాక తీసి అరలో పెడదామనుకున్నాను.” చల్లారిన టీ ఒక గుక్క తాగాడు. “మర్చిపోయాను. పిండి కలిపే మిషను వేసేశాను. ఐదూ యాభై అయిదుకి మిషను ఆపి కోటు తొడుక్కుంటే, నా పక్కటెముకల మీద కొట్టుకుంటోందండి ఆ గంట. ఎప్పట్నుంచి కొట్టుకుంటోందో. నా భార్య నన్ను పిలిచింది. ఆ పిలుపుని నేను గోడకి తగిలించాను. చంపడమంటే ఇంకేమిటండీ?”

మచ్ నోటుబుక్కు మూసేశాడు.

“కథ బాగుంది,” అన్నాడు. “లాయరు నేర్పాడా?”

“నాకు లాయరు వద్దన్నానండి. మీకూ చెప్పానుగా.”

“మాత్రలు వేసుకుంటోందా?” అడిగింది ఎఫీ.

“పూటపూటా నా ఎదురుగానే. మందుల షాపువాళ్లు వారానికి సరిపడా అట్టకి సీలేసి ఇస్తారు, ప్రతి గురువారం. ఏ పూటకాపూట గడి చించి మింగడమే. ఒక్క పూట తప్పలేదండి.” తర్వాత, అడగనిదానికి జవాబుగా, “ఈ నెలాఖరుకి ఫిట్స్ రాక ఏడాది నిండేది. నిండితే కారు నడపనిస్తారు, నేర్చుకుంటానంది,” అన్నాడు.

*

బేకరీకి మచ్‌నే వెంటపెట్టుకు వెళ్లాల్సి వచ్చింది. చూసింది ఏదైనా రెండు జతల కళ్లు చూడాలి, రెండు నోటుబుక్కుల్లో ఎక్కాలి. స్టేషన్లో మిగిలిన కళ్లన్నీ రేవులో పడవల పోట్లాట దగ్గర ఉన్నాయి.

“నన్ను నీ గుమాస్తాని చేశావన్నమాట,” అన్నాడు మచ్ షట్టరు ఎత్తుతూ.

“మీ దస్తూరీ బాగుంటుంది.”

రోరీ కోటు, ఆ గంట పెట్టె ఎఫీ సంచిలో ఉన్నాయి. పెట్టె జ్ఞాపకంలో ఈ ఏడాదికి ఒక్క కబురే ఉంది: ఆదివారం, మూడూ నలభై ఒకటి, అదురు నూరు క్షణాలు. పొయ్యి పక్కన వేలాడే పుస్తకంలో రోరీ రాత: మూడూ నలభైకి నాలుగో తట్ట లోపలికి, మూడూ యాభై ఎనిమిదికి బయటికి.

“వాడి పుస్తకం, వాడి రాత,” అన్నాడు మచ్. “ఒంటి సాక్ష్యం. నువ్వే కదా అన్నావు.”

“అందుకే ఇంకోటి తయారు చేద్దాం. మీరిక్కడ పొయ్యి దగ్గర నిలబడండి. నేను పైకెళ్లి పరుపు అదరగొడతాను. గంట వినపడితే గోడ మీద కొట్టండి. మూడుసార్లు చేద్దాం.”

పద్నాలుగు మెట్లు. మేడగదిలో మంచం ఆదివారం వదిలినట్టే ఉంది. ఎఫీ రెండు చేతులూ పరుపు మీద ఆనించి గబగబా అదిమింది. ఆ పని చేస్తుంటే లాకీ గుర్తొచ్చాడు. వాడి పరుపు కింద ఏ పలకా లేదు, అప్పటికి అలాంటివి ఉంటాయని ఎవరికీ తెలీదు.

మొదటిసారి గంట అరలో ఉంది. గోడ మీద వెంటనే దెబ్బ పడింది. రెండోసారి గంట కోటు జేబులో, మిషను ఆపి ఉంది. కాస్త తటపటాయించి దెబ్బ పడింది. మూడోసారి మిషను వేశారు. ఎఫీ నూరు క్షణాలు లెక్కపెట్టుకుంటూ పరుపు అదిమింది. చేతులు లాగేశాయి. గోడ మోగలేదు. ఇంకో నూరు అదిమింది. అప్పుడూ లేదు.

ఆమె కిందికి వచ్చేసరికి మచ్ మిషను ఆపి, కోటు ముందు నిలబడి ఉన్నాడు. జేబులో గంట ఇంకా మోగుతూనే ఉంది. ఈగ రొద చేస్తున్నట్టు ఉంది ఆ చప్పుడు.

“వినపడలేదా, వినదల్చుకోలేదా?” అంది ఎఫీ.

“అమ్మాయ్,” అన్నాడు మచ్, మెడ ఎర్రబడగా, “నేను మొండివాణ్ణి కావచ్చు, అబద్ధాలకోరుని కాదు. వినపడలేదు. ఇదిగో, రాస్తున్నాను. రెండున్నర అడుగుల దూరంలో నిలబడ్డాను, వినపడలేదు. సంతోషమా?”

“చాలా,” అంది ఎఫీ. నిజంగానే సంతోషపడింది. చికాకు మనిషే, కానీ పాతికేళ్లలో ఆయన పుస్తకంలో ఒక్క అబద్ధం ఎక్కలేదు. ఆ సంగతి నమ్ముకునే ఆయన్ని ఇక్కడికి ఈడ్చుకొచ్చింది.

“ఇంతమాత్రాన వాడు పైకి వెళ్లి నొక్కలేదని కాదు,” అన్నాడు మచ్. “వినపడకపోవచ్చు. వినపడకుండానే వెళ్లి ఉండొచ్చు.”

“పైకి రండి, గది కూడా రాసుకుందాం.”

రాసుకున్నారు. కిటికీ గడియ లోపలినుంచి వేసి ఉంది. ఎక్కడా పెనుగులాడిన ఆనవాలు లేదు. మంచం పక్క బల్ల మీద దిద్దని పిల్లల లెక్కల పుస్తకాలు, మాత్రల అట్ట. అట్ట మీద ఊనా పేరు, షాపు ముద్ర. గురువారం రాత్రి గడి నుంచి శనివారం రాత్రి గడి దాకా చించి ఉన్నాయి. ఆదివారం నుంచి రేకు సీలు చెక్కు చెదరలేదు. రేకు వెనక ప్లాస్టిక్కులోంచి మాత్రలు కనిపిస్తున్నాయి: గడికి రెండు, తెల్లవి, కోలగా, ఒక్కోదాని మీద ఒక అక్షరం, రెండు అంకెలు. ఎఫీ పైకి చదివింది, మచ్ రాసుకున్నాడు. మచ్ పైకి చదివాడు, ఎఫీ రాసుకుంది. ఎవరైనా చూస్తే చిన్నబళ్లో ఎక్కాలు వల్లిస్తున్నారనుకుంటారు. అట్టని సంచిలో వేసి బయల్దేరేసరికి రెండూ నలభై.

*

డాక్టర్ లీస్క్ గది అబర్దీన్‌లో ఆస్పత్రి అడుగు అంతస్తులో ఉంది. మచ్ కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటుంటే ఎఫీ ముందు వచ్చేసింది. డాక్టరమ్మకి అరవై మూడేళ్లు. పొట్టిగా, చేతులు మడిచిన స్వెటరుతో, మైక్రోస్కోపు ముందు ఎత్తు చాలక రెండు టెలిఫోన్ డైరెక్టరీలు వేసుకుని కూర్చుని ఉంది.

ఆవిడ ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పెద్ద డాక్టర్లు నవ్వారట. మూర్ఛ మనిషి చచ్చిపోతే మెదడులో చూడ్డానికి ఏముంటుంది, శుభ్రంగా కనిపిస్తుంది, సంతకం పెట్టి ఇంటికి పో అన్నారట. శుభ్రంగా ఉంటే మరి మనిషెందుకు పోయాడు అని ఈవిడ అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే ప్రశ్న అడుగుతూ ఉంది. పిల్లలు పోయిన ఇళ్లకి వెళ్లి, ఏడుస్తున్నవాళ్ల పక్కన కూర్చుని, ఒక చిన్న ముక్క నా దగ్గర ఉంచనిస్తారా అని అడగడం ఎవరూ సరదాగా చేసే పని కాదు. రెండువందల పద్నాలుగు కుటుంబాలు సరేనన్నాయి. ఊపిరిని నడిపే చోట, మెదడు కాండంలో, కంటికి ఆనని తేడాలుంటాయని ఆ ముక్కల్లోంచే ఒక్కొక్కటిగా బయటపడింది. మూర్ఛ వచ్చి తగ్గాక ముందు ఊపిరి ఆగుతుందనీ, ఆ తర్వాతే గుండె ఆగుతుందనీ ఇప్పుడు వైద్యవిద్యార్థులు పరీక్షల్లో రాస్తున్నారు. ఎవరి పుణ్యమో వాళ్లకి తెలీదు.

“డాక్టర్ గారూ, నేను ఎఫీ గెడెస్‌ని. మీకు నేను...”

“లాకీ చెల్లెలివి,” అంది డాక్టర్ లీస్క్, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ. “ఆ రోజు మెట్ల మీద కూర్చుని విన్నావు. కటకటాల సందులోంచి నీ కాళ్లు కనపడ్డాయి, ఒక కాలికే మేజోడు ఉంది. అమ్మ ఎలా ఉంది?”

ఎఫీ ఎన్నో ఏళ్లుగా చెప్పాలనుకున్నది చాలా ఉంది, కానీ నోట్లోంచి రెండు ముక్కలే వచ్చాయి. “బాగుంది. మీవల్లే ఉంది. థాంక్సండీ.”

“నేనే చెప్పాలి. మీ లాకీ పదకొండోవాడు. వాడి దగ్గరే నాకు మొట్టమొదట దారి కనిపించింది. మీ అమ్మ ఆ రోజు కాదని ఉంటే ఇవాళ ఈ కుర్చీలో నేనుండేదాన్ని కాదు.” ఆవిడ రుమాలు అందించి, తలుపువైపు చూసింది. “కళ్లు తుడుచుకో. మీ ఎద్దు వస్తున్నాడు.”

మచ్ వస్తూనే గడియారం చూపించాడు. “మూడూ ముప్ఫై అయిదు. డాక్టర్ గారూ, ఒక్క సంతకం. మెదడు ఇవాళే కోసి చూడండి, మీ పుణ్యం ఉంటుంది.”

“ఇవాళ కోస్తే కత్తి కింద పెరుగులా జారిపోతుంది. పద్నాలుగు రోజులు నానితే ఉడికిన గుడ్డులా గట్టిపడుతుంది, అప్పుడే పలచగా కొయ్యగలం. ఊనా నాకు చెప్పాల్సిందేదో ఒక్కసారే చెబుతుంది. మీ గడియారం కోసం నేను ఆ అమ్మాయి నోరు నొక్కలేను.” చనిపోయినవాళ్లని ఆవిడ ఎప్పుడూ పేరు పెట్టే పిలుస్తుంది. “కానీ ఒకటి ఇవాళే చెప్పగలను. మీరు ఫోన్లో చెప్పిన ఆ గంట పెట్టెలో అదురు ఎలా ఉందో గీత తీశారా?”

ఎఫీ కాగితం ఇచ్చింది. డాక్టర్ లీస్క్ దాని మీద వేలితో తాళం వేసింది. మొదట్లో వేలు గబగబా ఆడింది. తర్వాత నిదానించింది. ఇంకా నిదానించి ఆగిపోయింది.

“పెనుగులాటకి తాళం ఉండదు, ఇన్‌స్పెక్టర్. మూర్ఛకి ఉంటుంది, చివరికి వచ్చేకొద్దీ ఇలా సడలుతుంది. పెదాల లోపల ఒక్క గాయం లేదు. నాలుక పక్కన కరుచుకుని ఉంది. ఊపిరితిత్తుల బరువు, ఎర్రచుక్కలు నేను చూసినవాళ్లలో సగం మందికి ఉన్నాయి. పదిమందిలో ఏడుగురు బోర్లానే దొరికారు. ఎవరూ నొక్కలేదు. ఈ మాట నేను రాసి ఇస్తాను.”

మచ్ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. “ఏడాదిగా ఒక్కటీ రానిది, ఆ రాత్రే ఎందుకొచ్చింది మరి?”

“మంచి ప్రశ్న,” అంది డాక్టర్ లీస్క్. “నాకూ అదే తోచి, నిన్న రక్తం పైకి పంపాను.” బల్ల మీది ఫోన్ తీసి ల్యాబువాళ్లని అడిగింది. వింటూ కాగితం మీద ఒక అంకె రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. “మూర్ఛ మందు దాదాపు లేదు. రెండు మూడు రోజులుగా ఒక్క మాత్రా లోపలికి వెళ్లలేదు.”

మచ్ లేచి నిలబడ్డాడు. “ఇక చాలు. నా ఎదురుగా వేసుకుంది, ఒక్క పూట తప్పలేదు అన్నాడు కదా. అబద్ధం. మాత్రలు మానిపించి చంపాడు. పద ఎఫీ.”

“కూర్చోండి,” అంది ఎఫీ. సంచిలోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టింది. “గురువారం రాత్రి నుంచి ప్రతి గడీ చించి ఉంది. మిగిలినవాటి సీలు చెదరలేదని మీరే రాశారు. అతను చెప్పింది నిజమై, రక్తం చెప్పిందీ నిజమైతే, ఇక మిగిలింది ఒకటే. డాక్టర్ గారూ, ఈ మాత్రలేమిటో చూడండి.”

డాక్టర్ లీస్క్ భూతద్దం పెట్టి చూసింది. అలమరలోంచి ఇటుక మందం పుస్తకం దింపి, మాత్రల బొమ్మలున్న పేజీలు తిప్పింది. ఒక చోట ఆగి, మళ్లీ అట్టని చూసి, మళ్లీ పేజీని చూసింది.

“తెలుపే, కోలే, అదే కొలత,” అంది మెల్లగా. “కానీ ఇది మూర్ఛ మందు కాదు. కొలెస్టరాల్ మాత్ర. సీలు వేసిన షాపులోనే మారిపోయింది. పాపం ఆ పిల్ల పూటపూటా బుద్ధిగా వేసుకుంది.”

ఎఫీకి మొదట రోరీ గుర్తొచ్చాడు. ప్రతి రాత్రీ నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడ్డ రోరీ. ఆరూ పదికి అతను బయటికి వస్తాడు, ఆ మాట ఇక ఎవరూ మార్చలేరు. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. “గురువారం ఆ డబ్బాలోంచే ఇంకెన్ని అట్టలు నింపారో. ఇంకెంతమంది మింగుతున్నారో. మచ్, షాపుకి ఫోన్...”

మచ్ అప్పటికే ఫోన్ తీశాడు. కానీ నంబరు నొక్కలేకపోతున్నాడు. రెండుసార్లు తప్పు నొక్కి చెరిపేశాడు.

“మా ఇంట్లోనూ ఉంది,” అన్నాడు. “ఆ అట్ట. మా మోర్వెన్‌కి.”

ఏళ్ల తరబడి తెలిసిన మనిషి. పందొమ్మిదేళ్ల కూతురుందని తెలుసు, తల్లి లేదని తెలుసు. ఈ సంగతి మాత్రం స్టేషన్లో ఎవరికీ తెలీదు.

“ఎనిమిదేళ్ల నుంచి,” అన్నాడు మచ్. “నలుగురు డాక్టర్లు చూశారు. ఈత జాగ్రత్త అన్నారు, నిచ్చెనలెక్కొద్దన్నారు. ఇది చంపుతుందని ఒక్కడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదండీ?”

“భయపెట్టడం దేనికని,” అంది డాక్టర్ లీస్క్. “నేను వాళ్లతో పోట్లాడుతున్నది అదే. నంబరు చెప్పండి, నేను నొక్కుతాను.”

ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చేసింది. నాలుగుసార్లు మోగింది. ఐదు. ఆరు. మచ్ బల్ల అంచు పట్టుకున్నాడు.

“ఏంటి నాన్నా, ఈ వేళప్పుడు? పాల ప్యాకెట్టు తెస్తాలే.”

మచ్ ఫోన్‌ని ఎఫీ వైపు తోశాడు. ఎఫీయే వంగి చెప్పింది. “మోర్వెన్, నేను ఎఫీని. నాన్న ఇక్కడే ఉన్నారు, అంతా బానే ఉంది. గురువారం తెచ్చుకున్న మాత్రల అట్ట ఉందే, దాన్ని ముట్టుకోకు.”

“ఓ, అదా. అది ఎప్పుడో మార్చేశారుగా.”

“ఎవరు మార్చారు?”

“షాపాయనే. శుక్రవారం ఇంటికొచ్చాడు, ఆరూ నలభై అవుతుందేమో, నాన్నింకా రాలేదు. చిన్న పొరపాటు జరిగిందమ్మా, ఇది వేసుకో అని కొత్తది ఇచ్చి పాతది పట్టుకుపోయాడు. చెమటలు కారిపోతున్నాయి పాపం. చాక్లెట్ల పెట్టె కూడా ఇచ్చాడు. నాన్నగారిదాకా ఎందుకులే, కంగారుపడతారు అన్నాడు. అందుకే చెప్పలేదు. నాన్నా, వింటున్నావా? కోపమొచ్చిందా?”

“లేదు తల్లీ,” అన్నాడు మచ్. “లేదు. ఇంట్లోనే ఉండు. నేను వస్తున్నాను.”

ఫోన్ పెట్టేశాక ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. “థాంక్స్,” అన్నాడు, ఎవరికో తెలీకుండా. డాక్టరమ్మ చేతిని పట్టుకుని మళ్లీ అన్నాడు. ఎఫీ చేతిని కూడా పట్టుకున్నాడు. ఎఫీకి కూడా కళ్లు చెమర్చాయి. ఆ క్షణాన ఆమె ఆ షాపాయనకి కూడా మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఒక్క క్షణమే. తర్వాత లెక్క మొదలైంది. శుక్రవారం సాయంత్రం ఆరూ నలభై. ఆదివారం తెల్లవారుజాము మూడూ నలభై ఒకటి. మధ్యలో ముప్ఫై మూడు గంటలు. ఆ మనిషికి తెలుసు. తెలిసి, అట్టలు ఎవరెవరికి వెళ్లాయో చూసుకుని, మొట్టమొదట పోలీసు ఇన్‌స్పెక్టరు గుమ్మం ఎక్కాడు. ఆ మాట మచ్‌కి తను చెప్పాలేమో అనుకుంది. చెప్పక్కర్లేకపోయింది. మచ్ చేతులు మొహం మీంచి దిగాయి. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి గానీ, ఆ సంతోషం మొహంలోంచి నెమ్మదిగా దిగిపోతోంది.

“మా ఇల్లు కొండ మీద, ఊరికి రెండు మైళ్లు,” అన్నాడు. “అంతదూరం కారేసుకుని వచ్చాడు ఎఫీ. షాపులోంచి ఊనా ఇంటికి వీధి దాటితే చాలు.”